అందరికీ ఒకటే కీ

నలభై రెండేళ్ళు వచ్చినా ఇంట్లో ఆవిడ పేరు చిన్నీయే. బయట మాత్రం ఆవిడను పది పన్నెండు కంపెనీలు "సర్వర్ మేడమ్" అని పిలుస్తాయి. ఎక్కడెక్కడో కూర్చుని పనిచేసేవాళ్ళు కంపెనీ సర్వర్లలోకి భద్రంగా వెళ్ళిరావడానికి దారి వేయడం, ఆ దారి మూసుకుపోతే ఎక్కడ మూసుకుపోయిందో వెతికి తెరవడం ఆవిడ వృత్తి. చుట్టాల కంపెనీల్లో పనిచేయకూడదని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. కానీ ఆ సోమవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"చిన్నీ, బావ ఆఫీసులో కొత్త మిషన్ పెట్టారట. నాలుగు రోజులుగా ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఒక్కరూ లోపలికి వెళ్ళలేకపోతున్నారట. ఆయన రెండు రోజులుగా సరిగా తినట్లేదే. ఒక్కసారి వెళ్ళి చూసి రావే."

"వాళ్ళకి సొంత మనుషులు లేరా అక్కా?"

"ఉన్నారు. వాళ్ళు చేతులెత్తేశారు కాబట్టే నీకు చెప్తున్నా."

బావ కంపెనీ ఆసుపత్రుల్లో వాడే మందు పంపులకు ప్రోగ్రాములు రాస్తుంది. రోగి పక్కన స్టాండుకు తగిలించి, నరంలోకి చుక్క చుక్కగా మందు పంపే చిన్న పెట్టెలు అవి. ఆ ప్రోగ్రాముల్లో ప్రతి వాక్యాన్నీ, ఎప్పుడు ఎవరు ఏం మార్చారో ఆ చరిత్రతో సహా దాచి ఉంచేది ఆ సర్వరే. పని మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. చిన్ని ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

సర్వర్ గది అని వాళ్ళు చూపించింది చీపుళ్ళ గది. తలుపు తీయగానే మాగిన తడిగుడ్డ కంపు గుప్పున ముక్కుకు కొట్టింది. ఒక మూల మురికినీళ్ళతో నిండిన బకెట్, దాని మీద వాల్చిన తుడుపుకర్ర. అలమరలో ఎవరో మర్చిపోయిన టిఫిన్ డబ్బా, మూత అంచు చుట్టూ బూడిదరంగు బూజు. ఆ డబ్బాకు జానెడు దూరంలో కొత్త సర్వర్ ఆయాసపడుతూ తిరుగుతోంది. దాని ఫ్యాను జాలీలో బొద్దింక రెక్క ఒకటి ఇరుక్కుని గాలికి టపటపా కొట్టుకుంటోంది. కీబోర్డు మీద వేలు పెడితే వేలు అంటుకుపోయింది. ఏం ఒలికిందో, ఎప్పుడు ఒలికిందో అడగాలని కూడా అనిపించలేదు. చున్నీ ముక్కుకు అడ్డం కట్టుకుని, సంచీలోంచి తన కీబోర్డు తీసి తగిలించుకుంది.

ఆఫీసు ఇంజినీరు గుమ్మంలో నిలబడ్డాడు. మంచి చురుకైనవాడే. చొక్కా జేబులో మూడు పెన్నులు ఉండేవి. రాయడం మాత్రం ఎవరూ చూడలేదు.

"పాత మిషన్ నుంచి అన్నీ కాపీ చేశానండి. అయినా ఎవరు వచ్చినా పర్మిషన్ డినైడ్ అంటోంది. ఏం చేయాలో తోచక మొత్తం ఫోల్డర్లకి ఏడు ఏడు ఏడు కొట్టేశాను."

చిన్ని తల తిప్పి అతన్ని చూసింది. మూడు ఏడులు కొట్టడమంటే సర్వర్ అనే ఆ ఇంట్లో ప్రతి గదినీ దారినపోయే ప్రతివాడూ తెరిచి చూడొచ్చు, ఏదైనా రాయొచ్చు, ఏదైనా పట్టుకుపోవచ్చు అని రాసివ్వడం.

"అందుకే బాబూ రానివ్వట్లేదు. ఎవరి కీ చెల్లుతుందో రాసి ఉన్న జాబితాని ఎవడుపడితే వాడు మార్చేలా ఉంటే ఆ జాబితానే నమ్మనంటుంది సర్వర్. దానికున్న బుద్ధి మనకి లేకపోయింది."

అతను నవ్వాడు. తననే అన్నదని అతనికి తట్టలేదు.

జాబితా తెరిచి చూసింది. ఇరవై రెండు మంది పనిచేసే కంపెనీ. ఇరవై రెండు వరుసలు ఉండాలి. రెండే ఉన్నాయి.

"మిగతావాళ్ళవి ఏవి?"

"అందరిదీ ఒకటేనండి. కామన్ కీ. కొత్తగా ఎవరు చేరినా మన వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, దించుకుంటారు. సులువు కదా."

ఈ పద్ధతిలో ప్రతి మనిషికీ తాళంచెవుల్లాంటి జంటకీలు ఉంటాయి. ఒకటి సర్వర్‌కు ఇస్తారు, రెండోది తన కంప్యూటర్ దాటనివ్వరు. భార్యకు కూడా ఇవ్వకూడని ఆ రెండో దాన్ని వీళ్ళు పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య గ్రూపులో పడేశారు. మానేసి వెళ్ళినవాళ్ళ దగ్గరా అది ఉంది. వాళ్ళ పిల్లలు ఆడుకునే ఫోన్లలోనూ ఉంది. ఒకే పళ్ళబ్రష్షుతో ఆఫీసంతా పళ్ళు తోముకుంటున్నట్టు అనిపించింది ఆవిడకు.

"ఇలా పెట్టమని ఎవరు చెప్పారు?"

"సారేనండి, మీ బావగారు. ఒక్కొక్కరికీ ఒక్కోటి అంటే తలనొప్పి అన్నారు."

రెండో వరుస చివర గుర్తు కోసం రాసిన మాట ఆవిడకు తెలిసినదే. ఇంగ్లీషు అక్షరాల్లో "బావ ఇల్లు". నాలుగేళ్ళ కింద అక్కవాళ్ళ భోజనాల బల్ల దగ్గర కూర్చుని, బావ ఇంటి ల్యాప్‌టాప్‌కు ఆ కీ తయారుచేసి, సరదాగా ఆ పేరు పెట్టింది తనే. ఈ మనిషికి తనొక్కడికి విడి కీ ఉంది, మిగతావాళ్ళందరికీ గంపగుత్తగా ఒకటి.

సాయంత్రానికి ఫోల్డర్లన్నీ కట్టుదిట్టం చేసింది. అందరి ల్యాప్‌టాపుల్లో ఇంకో గొడవ ఉంది. సర్వర్ మారడంతో "ఇది మీకు తెలిసిన సర్వర్ కాదు, జాగ్రత్త" అని పెద్ద అక్షరాల హెచ్చరిక వస్తోంది. టెస్టింగ్ చేసే అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి చూపించింది.

"మీరేం చేశారమ్మా ఇది వచ్చినప్పుడు?"

"పాత సర్వర్ గుర్తున్న లైను చెరిపేసి యెస్ కొట్టానండి."

"చదివారా?"

"ఎర్రగా ఉంటే ఎవరు చదువుతారండి," అంది ఆ అమ్మాయి నిమ్మకు నీరెత్తినట్టు.

పాత సర్వర్ గుర్తింపునే కొత్తదానికీ ఇస్తే ఆ హెచ్చరిక రాదు. దాని కోసం మర్నాడు బల్ల కింద దుమ్ములో పడి ఉన్న పాత మిషన్‌ను బయటికి లాగించింది చిన్ని. చీపుళ్ళ గదిలో ఇక ఒక్క క్షణం ఉండలేక, హాల్లో ఖాళీగా కనిపించిన బల్ల మీద పెట్టమంది. బల్ల శుభ్రంగా ఉంది. ఆఫీసు మొత్తంలో అదొక్కటే శుభ్రంగా ఉంది. పెన్సిళ్ళు పొడుగు వారీగా పేర్చి ఉన్నాయి.

"ఇది ఎవరిది?"

టెస్టింగ్ అమ్మాయి గొంతు తగ్గించింది. "మాష్టారిదండి. పదేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి తర్వాత ఈ పనిలోకి వచ్చారట. అలారాల కోడ్ అంతా ఆయనే రాసేవారు. ఆర్నెల్ల కింద తీసేశారు."

"ఎందుకు?"

"గొట్టంలో గాలిబుడగ వస్తే పంపు మోగాలి కదండీ. ఆయన ఆ కొలత పెంచేశారు. చిన్న బుడగలకి మోగడం మానేసింది. ఒక ఆసుపత్రిలో నర్సు కంటితో చూసి ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పేషెంటు..." అమ్మాయి బల్ల మీది పెన్సిలొకటి సర్దింది. "నలభై పంపులు ఆపేశారు. ఆసుపత్రివాళ్ళు విచారణ కమిటీ వేశారు. చరిత్రలో చూస్తే ఆ మార్పు మాష్టారి పేరుతోనే ఉంది. అందరం చూశాం."

"ఆయన ఏమన్నారు?"

"నేను చేయలేదు అన్నారు. కానీ పేరు ఉంది కదండీ."

చిన్ని చేతిలోని తీగను బల్ల మీద పెట్టింది. ఆ చరిత్రలో పడే పేరు ఎవరి కంప్యూటర్లో వాళ్ళు రాసుకునే పేరు. తన ల్యాప్‌టాప్‌లో తాను రాష్ట్రపతినని రాసుకున్నా ఆ పేరే పడుతుంది. నిజంగా ఎవరు వచ్చారో చెప్పేది కీ ఒక్కటే. ఆ కీని వీళ్ళు సంతలో పెట్టారు.

"ఆ మార్పు ఏ రోజుది?"

అమ్మాయి వెతికి చెప్పింది. ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడూ పన్నెండు.

పాత మిషన్ లేచింది. ఎవరు ఏ కీతో ఎప్పుడు లోపలికి వచ్చారో రాసుకునే చిట్టా దానిలో ఏడాదిది ఉంది. కామన్ కీ అయితే ఏమీ తేలదు, ఇరవై రెండు మందిలో ఎవరైనా కావచ్చు అనుకుంటూనే ఆ ఆదివారం దాకా వెళ్ళింది. ఆ రోజంతటికీ ఒక్కటే రాక ఉంది. మూడూ పదకొండుకు లోపలికి, మూడూ పదమూడుకు బయటికి. కామన్ కీ కాదు. అక్కవాళ్ళ భోజనాల బల్ల మీద తన చేత్తో తను చేసిన కీ.

మూడుసార్లు సరిచూసింది. నోరంతా చేదెక్కింది. లేచి వెళ్ళి నీళ్ళు తాగబోతే గ్లాసు అంచున ఎవరిదో పెదాల మరక కనిపించింది. గ్లాసు కింద పెట్టేసి బావ గదిలోకి వెళ్ళింది.

బావ ఎప్పటిలాగే లేచి ఎదురొచ్చాడు. "రా చిన్నీ! అందరికీ కనెక్షన్ వచ్చిందటగా. నువ్వు రాకపోతే మా పని గోవిందా. ఏం తాగుతావ్?"

"ఆ ఆదివారం మీరు సర్వర్‌లోకి వెళ్ళారు బావా. మాష్టారి పేరుతో బుడగ కొలత మార్చారు."

బావ హాలు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తలుపు మూశాడు. ఆ తర్వాత, ఆశ్చర్యం, నవ్వాడు.

"అబ్బ, నువ్వు వచ్చింది కనెక్షన్ బాగుచేయడానికి కదా."

"అది అయిపోయింది. ఇది చెప్పండి."

"శనివారం డెమోలో ఐదు నిమిషాలకోసారి కుయ్యోమని మోగిందే ఆ పెట్టె. డాక్టర్లు మొహాలు చూసుకుని నవ్వారు. నా పరువు పోయింది. మాష్టారిని అడిగితే కుదరదన్నాడు. బుడగ బుడగే అన్నాడు. ఆయనో పెద్ద రూలు. సోమవారం ఇంకో డెమో ఉంది. అందుకని తాత్కాలికంగా మార్చా. మళ్ళీ వెనక్కి మార్చడం మర్చిపోయా. అంతే."

"ఆయన పేరెందుకు పెట్టారు?"

"ఆ ఫైలులో ఎవరు చెయ్యి పెట్టినా ఇంకొకరు చూసి సరేననాలి. ఆయన పేరుతో వస్తే ఎవరూ చూడరు, నమ్మకం కదా." బావ ఆ మాటను ఒక తెలివైన చిట్కా చెబుతున్నట్టు చెప్పాడు.

"మరి కమిటీ వేసినప్పుడు?"

"అప్పుడు చెప్తే కంపెనీ మూతపడేది. ఇరవై కుటుంబాలు చిన్నీ. ఆయనకి ఎలాగూ వయసైపోయింది. ఇవాళో రేపో మానేసేవాడే." లేచి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంట్లోవాళ్ళం. ఇంట్లోనే ఉండనీ."

ఆ చెయ్యి తడిగా ఉంది. కుర్తా గుడ్డలోంచి ఆ తడి తగిలి చిన్నికి ఒళ్ళు జలదరించింది. వెనక్కి జరిగింది. చిన్నప్పుడు తనకు సైకిల్ నేర్పింది, తండ్రి పోయినప్పుడు అన్నీ దగ్గరుండి చూసుకుంది ఈ మనిషే. ఆ చేతులే ఇవి. కోపం వస్తే నాలుగు మాటలు అనేసి తేలికపడేది. వచ్చింది కోపం కాదు, రోత.

బయటికి వచ్చి చిట్టా మొత్తం మూడు చోట్ల భద్రం చేసుకుంది. ఎందుకైనా మంచిదని సర్వర్ నడిపే అధికారం ఎవరెవరికి ఉందో కూడా చూసి రాసుకుంది.

ఇంటికి చేరేసరికి అక్క ఫోన్.

"ఆయన అంతా చెప్పారు. ఏంటే ఇది? పని చేసిపెట్టమంటే కొంప కూలుస్తావా?"

"అక్కా, ఆ మాష్టారు ఆర్నెల్లుగా దొంగలా ఇంట్లో కూర్చున్నారు."

"మీ బావేం కావాలని చేశారా? ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. గబగబా ఏదో చేసుకుంటూ, మాష్టారి పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారు, మధ్యలో హెచ్ ఉంటుందా అని నన్నే అడిగారు. నేనే వెళ్ళి వాళ్ళమ్మాయి పెళ్ళి కార్డు తెచ్చి..."

అక్క ఆగిపోయింది.

"తెచ్చి?" అంది చిన్ని.

"చూపించాను," అంది అక్క. కాసేపటికి, "ఎందుకో నాకేం తెలుసే," అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున చిన్ని మాష్టారింటికి వెళ్ళింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు తీసిన ఆయన భార్య, వచ్చిందెవరో విని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ యజమాని మరదలివా? ఇంకా ఏం మిగిలిందని వచ్చావమ్మా? మావారు పదకొండేళ్ళు చేశారు అక్కడ. వచ్చేసే రోజున మెట్లదాకా తోడు వచ్చినవాడు లేడు."

"రానీ," అన్నాడు లోపలి నుంచి మాష్టారు.

చిన్ని కాగితాలు ఇచ్చి ఏం జరిగిందో చెప్పింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే చదివాడు. రెండో పేజీలో పెన్సిల్‌తో ఒకచోట సున్నా చుట్టాడు.

"ఇక్కడ తేదీ తప్పు రాశావమ్మా. పధ్నాలుగు. నువ్వు పదిహేను వేశావు. ఇలాంటి కాగితంలో ఒక్క అంకె తప్పినా మొత్తం తోసేస్తారు."

"దిద్దుతాను మాష్టారూ."

ఆయన కూర్చున్నాడు. "మీ బావ చేశాడంటే ఆశ్చర్యం లేదు. అతని తీరు తెలుసు. మిగతావాళ్ళు... పదకొండేళ్ళు నా పక్క బల్లల్లో కూర్చున్నవాళ్ళు. మాష్టారూ, మీరెందుకు ఇలా చేస్తారు అని ఒక్కరైనా అడగలేదు. పేరు చూశారు, తలలు తిప్పుకున్నారు." ఆయన ముఖం, చెడిపోయింది ఏదో నోట్లో పడ్డట్టు ముడుచుకుంది. "అన్నంలో వెంట్రుక వచ్చినట్టుంది ఇప్పటికీ. తీసేసినా తినబుద్ధి కాదు."

"మీకేం కావాలో చెప్పండి."

"ఆ మార్పు మీద నా పేరు ఉండకూడదు. అక్కడ ఉద్యోగం నాకొద్దు."

"పాత చరిత్రని చెరపకూడదు మాష్టారూ. చెరిపితే బావ చేసిన పనే మనమూ చేసినట్టు. కానీ దానికి తగిలించి ఇంకో వరుస రాయొచ్చు. ఆ మార్పు ఎవరు తెరిచి చూసినా పక్కనే అదీ కనబడుతుంది."

మాష్టారు ఆలోచించి తలూపాడు. "రాయి. నీ పేరుతోనే రాయి."

ఆ మధ్యాహ్నం చిన్ని ఆఫీసుకు వెళ్ళింది. ముందు ఒప్పుకున్న పని పూర్తిచేసింది. ఇరవై రెండు మందినీ ఒక్కొక్కరిగా పిలిచి, వాళ్ళ కంప్యూటర్ మీద వాళ్ళ చేతనే కీలు చేయించింది. సర్వర్ గుర్తింపు అంకెలను కాగితం మీద అచ్చువేసి ఇచ్చి, స్క్రీన్ మీద కనబడేదానితో పోల్చి చదివాకే యెస్ కొట్టనిచ్చింది. "అబ్బా, ఇంత చదవాలా," అని మూడు పెన్నుల ఇంజినీరు నసిగితే, "చదవాలి," అని పక్కనే నిలబడింది. తర్వాత కామన్ కీ వరుసను జాబితాలోంచి తీసేసింది. "బావ ఇల్లు" వరుసనూ తీసేసింది.

ఆ పైన తన పేరుతో, తన కీతో సంతకం పెట్టి, ఆ ఆదివారపు మార్పుకు తగిలించి రాసింది: "ఈ మార్పు మీద ఉన్న పేరుగల వ్యక్తి దీన్ని చేయలేదు. ఇది సంస్థ యజమాని ఇంటి కంప్యూటర్ కీతో వచ్చింది. ఆ కీని తయారుచేసి ఇచ్చింది నేను. ఆధారాలు ఆసుపత్రి విచారణ కమిటీకి ఇచ్చాను."

మాష్టారు దిద్దిన తేదీతో ఆ కాగితాలను ఆఫీసుకు వచ్చే ముందే స్వయంగా కమిటీ డాక్టరు చేతికి ఇచ్చి వచ్చింది. ఆ డాక్టరమ్మ చదివి, తలెత్తకుండా, "నర్సు చూడకపోతే పేషెంటు చచ్చిపోయేవాడు," అని మాత్రం అంది.

హాల్లో అందరి స్క్రీన్ల మీదా ఆ వరుస వచ్చింది. చదివారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. టెస్టింగ్ అమ్మాయి లేచి బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. బావ గది తలుపు తెరుచుకోలేదు.

విచారణ మళ్ళీ తెరిచారు. నెల తిరిగేసరికి బావ సంతకంతో ఒప్పుకోలు పత్రం వచ్చింది. ఆ ఆసుపత్రి పంపులను ఇంకో సంస్థకు అప్పగించింది. కంపెనీ మూతపడలేదు, చిన్నదైంది. టెస్టింగ్ అమ్మాయి, మరో ఇద్దరూ మాష్టారింటికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళారు. ఆయన లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు కానీ ఏమీ మాట్లాడలేదట. కొత్త సంస్థవాళ్ళు ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. రెండు నెలలు నాన్చి, తన పని తప్ప ఇంకెవరి పనీ తన పేరు మీద పడదని రాయించుకుని చేరాడు.

అక్క నాలుగు నెలలు మాట్లాడలేదు. ఒక రోజు చెప్పాపెట్టకుండా వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చుంది.

"ఆ పెళ్ళి కార్డు నేను తీసుకెళ్ళి ఇచ్చానే," అంది.

"నీకు తెలియదు కదక్కా."

"ఆ రోజు తెలియదు. తర్వాత కమిటీ అన్నప్పుడు తెలిసింది. తెలియనట్టు ఉన్నాను." చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంటూనే ఉంది. "పక్కన పడుకుంటే ఆయన చెయ్యి తగులుతుంది కదా. ఒళ్ళు ముడుచుకుపోతోంది చిన్నీ. ముప్ఫై ఏళ్ళ కాపురం. ఎవరితో చెప్పుకోను?"

చిన్ని పొయ్యి కట్టేసి వచ్చి అక్క పక్కన నేల మీద కూర్చుంది. అక్క ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. మూడో రోజు బావ ఫోన్ చేసి, ఎప్పటి గొంతుతోనే, "ఏం చిన్నీ, కోపం తగ్గిందా? మీ అక్కని పంపిస్తావా లేదా?" అని నవ్వాడు.

చిన్ని ఫోన్ అక్కకు ఇచ్చింది. అక్క తీసుకుని, "నేను వచ్చేటప్పుడు వస్తాను. మీరు మాష్టారింటికి వెళ్ళారా?" అని అడిగింది. అవతల ఆయన ఏదో చెప్పబోతుంటే, "వెళ్ళొచ్చాక ఫోన్ చెయ్యండి," అని పెట్టేసింది.